పామూ చావదు, కర్రా విరగదు



"పామూ చావకూడదు, కర్రా విరగకూడదు" అన్న సామెతను ముప్ఫైయేళ్ళకు పైగా తరగతి గదుల్లో చెప్పినవాణ్ణి. ఎవరి మనసూ నొప్పించకుండా పని చక్కబెట్టుకొనే లౌక్యానికి ఉదాహరణగా చెప్పడమే గాని, అది నిజంగా పాముకూ కర్రకూ సంబంధించిన మాటగా ఏనాడూ చెప్పలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఈ వయసులో ఆ సామెత అక్షరాలా ఆచరణలోకి రావడం చూస్తున్నాను. ఇంట్లో పాము కనబడితే కర్ర అందుకొనేవారు తగ్గుతున్నారు, ఫోను అందుకొనేవారు పెరుగుతున్నారు. పాములు పట్టే కుర్రవాడు వస్తాడు. కొక్కెపు కడ్డీతో ఎత్తి సంచిలో వేస్తాడు. వీధి వీధంతా చరవాణులలో చిత్రీకరిస్తుంది. "దూరంగా అడవిలో వదిలేస్తాం" అంటాడు. అందరూ చేతులు జోడిస్తారు. పాము చావలేదు, కర్ర విరగలేదు, పైగా పుణ్యం.

కర్ర దించడం మంచి మార్పే, సందేహం లేదు. నాకున్న సందేహమంతా సంచి మూతి విప్పిన తరువాతి కథ గురించి. ఆ కథను ఎవరూ చిత్రీకరించరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చనివారు ఇక్కడే ఆగవచ్చు: పామును దాని నెలవు నుండి చాలా దూరం తీసుకుపోయి వదలడం అనేక సందర్భాలలో దాన్ని మన కంటికి కనబడని చోట చంపడమే. అలా చావకపోతే, మనకు తెలియని మరొకరి ఇంటి ముందు దాన్ని విడిచిపెట్టడం. సరీసృపాల నడవడిపై పరిశోధన చేసేవారు పాతికేళ్ళ క్రితమే ఈ మాట చెప్పారు. మన ఊళ్ళదాకా అది ఇంకా రాలేదు.

తెలుగు పండితుణ్ణి గనుక ముందు మాటల దగ్గర మొదలుపెడతాను, అలవాటు పోదు. చిన్నప్పుడు అమరకోశం వల్లె వేసినవారికి పాము పేర్ల దండకం గుర్తుండే ఉంటుంది. వల్లె వేస్తున్నప్పుడు అవి పేర్లు మాత్రమే. ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పి చూస్తే, ప్రతి పేరూ ఎవరో ఒకరు పామును చూసి వ్రాసుకొన్న గుర్తులాగా కనిపిస్తుంది. బిలేశయము, అంటే కలుగులో పడుకొనేది, నిజమే. జిహ్మగము, వంకరగా పోయేది, నిజమే. చక్షుఃశ్రవము, కళ్ళతో వినేది. మన అచ్చతెలుగు కవులు దాన్నే కనువినికరి అన్నారు. పాముకు బయటికి చెవి లేదన్న సంగతి ఎవరో గమనించారు, అయినా అలికిడికి కదులుతున్నదనీ గమనించారు, ఆ రెంటినీ కలిపి ఒక ఊహ చేశారు. ఊహ తప్పు, గమనిక ఒప్పు. పాముకు లోపలి చెవి ఉన్నది. నేల అదురు దవడ ఎముక మీదుగా అక్కడికి చేరుతుంది. గాలిలో వచ్చే ధ్వనికి కూడా పాములు స్పందిస్తాయని 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. గూఢపాత్తు, అంటే దాగిన కాళ్ళు గలది అని మరొక పేరు. కొండచిలువకు తోక మొదట రెండు చిన్న గోళ్ళవంటివి నేటికీ ఉంటాయి. అవి ఒకప్పటి వెనుక కాళ్ళ శేషాలని జీవశాస్త్రం చెబుతుంది. అమరసింహుడికి పరిణామవాదం తెలుసునని మాత్రం నేననను. అటువంటి గొప్పలు చెప్పుకొనే వ్యాసాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నవి.

అన్ని పేర్లూ ఇలా నిలబడవు. పవనాశనము, గాలిమేపరి అన్నవి పాము నెలల తరబడి తినకుండా ఉండగలగడం చూసి కట్టిన పేర్లు. గాలి తిని ఏ పామూ బ్రతకదు. ఇక మన జెర్రిపోతు సంగతి మరీ విచిత్రం. "పోతు" అన్నామంటే అది మగది. నాగుపాము ఆడది, జెర్రిపోతు దాని మగడు అని పల్లెల్లో గట్టి నమ్మకం, ఆ నమ్మకం ఏకంగా పేరులోకే ఎక్కింది. జెర్రిపోతులలో ఆడవీ మగవీ రెండూ ఉన్నవి, నాగుపాముతో దానికి వియ్యమూ లేదు కయ్యమూ లేదు. రెండు జెర్రిపోతులు నిలువునా లేచి పెనవేసుకొంటే పాముల సయ్యాట అని, వాటి మీద కొత్త బట్ట వేస్తే కలిసి వస్తుందని పరుగెత్తేవాళ్ళను నేనెరుగుదును. అది సయ్యాట కాదు, రెండు మగపాముల కుస్తీ. విషం లేని ఆ పాము ఎలుకలను తిని రైతుకు చేసే ఉపకారం అపారం. చూడడానికి పొడవుగా, త్రాచును పోలి ఉండడం దాని దురదృష్టం. కర్రలకు బలైనవాటిలో అది ముందుండేది, ఇప్పుడు సంచులలో చేరేవాటిలోనూ అదే ముందుంటుంది.

పేర్ల మాట వచ్చింది గనుక ఒక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. పద్దెనిమిదవ శతాబ్దం చివర ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన విశాఖపట్టణంలో ఉన్నాడు. సిపాయిలను, కూలీలను కరిచే పాములలో విషమున్నవేవో లేనివేవో తేల్చడం ఆయన పెట్టుకొన్న పని. పాములను తెప్పించి, బొమ్మలు వేయించి, కోళ్ళమీదా కుక్కలమీదా విషాన్ని పరీక్షించి వ్రాసిన గ్రంథం 1796లో లండనులో అచ్చయింది. కోరమాండల్ తీరపు పాముల గురించిన ఆ పెద్ద పుస్తకంలో అనేక పాములకు ఆయన పెట్టిన పేర్లు లాటిను పేర్లు కావు, ఇక్కడి జనం చెప్పిన పేర్లే. నేడు ప్రపంచం రస్సెల్స్ వైపర్ అంటున్న రక్తపింజరను ఆయన "కాటుక రేకుల పొడ" అని వ్రాసుకొన్నాడు. పొడ అంటే మచ్చ. కాటుకతో దిద్దిన రేకులవంటి మచ్చలు గల పాము! ఏ మహాకవి పెట్టాడో గాని, పామును చూసినవారికి ఇంతకు మించిన వర్ణన అక్కరలేదు. అదే పుస్తకంలో "బంగారం పాము" అని మరొకటి ఉన్నది, పసుపు పచ్చని పట్టీలున్న కట్లపాము. ఆ మాటే శాస్త్రలోకంలో "బంగారస్" అయి, కట్లపాముల ప్రజాతి మొత్తానికీ పేరై కూర్చున్నది. 2024లో గిరినాగును ఒకటి కాదు నాలుగు జాతులుగా విభజించినప్పుడు, సుమత్రా జావా దీవుల వైపు జాతికి పాత పుస్తకాల నుండి బయటికి తీసిన పేరు కూడా "బంగారస్" తోనే ముగుస్తుంది. మన మాట సముద్రాలు దాటి వెళ్ళింది. కాటుక రేకుల పొడ మాత్రం సొంత ఊళ్ళో వినబడడం లేదు; నేను వాకబు చేసిన పదిమందిలో ఒక్కరూ విననన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

పాము ఎక్కడ వదిలినా బ్రతుకుతుందన్నది మన ఊహ. కాళ్ళు లేనిది, ఇల్లు కట్టనిది, సంసారం లేనిది, దానికి ఈ పుట్ట అయితేనేమి ఆ పుట్ట అయితేనేమి అనుకొంటాము. పరిశోధకులు పాము శరీరంలో చిన్న రేడియో ప్రసారిణిని శస్త్రచికిత్సతో అమర్చి, నెలల తరబడి దాని వెంట తిరిగి చూసినప్పుడు ఈ ఊహ తలక్రిందులైంది. పాముకు తన ప్రాంతం తనకున్నది. ఎండ మండే వేళ ఏ కలుగులో దూరాలో, చలి నాడు ఏ బండమీద వెచ్చబడాలో, ఎలుకల దారి ఏ గట్టు మీదుగా పోతుందో, నీళ్ళు ఏ మూల దొరుకుతాయో దానికి తెలుసు. అది బ్రతుకుతున్నదే ఆ తెలివి మీద. మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకొనే ప్రాణి కాదది. వేడినీ చల్లదనాన్నీ చోటు మార్చుకొనే సంపాదించుకోవాలి. మే నెల మధ్యాహ్నం మన మెట్టభూమిలో నీడ తెలియని పాము ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించండి. అటువంటి ప్రాణిని చీకటి సంచిలో ముప్ఫై నలభై కిలోమీటర్లు తీసుకుపోయి, "ఇదుగో నీ అడవి" అని వదిలితే, అది తెలియని ఊళ్ళో కళ్ళకు గంతలు విప్పిన మనిషి వంటిది.

అమెరికాలో గిలక్కాయ తోక పాములపై జరిగిన పరిశోధన ఒకటి 1999లో వెలువడింది. ఇటువంటి చర్చ వచ్చినప్పుడల్లా దాన్ని ఉదహరిస్తారు. పదకొండు పాములను వేరే చోటినుండి తెచ్చి ఒక అడవిలో వదిలారు, ఆ అడవిలోనే పుట్టి పెరిగిన పద్దెనిమిది పాములతో పోల్చి చూశారు. స్థానికమైనవాటిలో చనిపోయినవి సుమారు నూటికి పదకొండు. తెచ్చి వదిలినవాటిలో సగానికి పైగా నశించాయి. తెచ్చినవి దిక్కు తెలియక స్థానిక పాములకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తిరిగాయి. తిరిగే పాము గద్దకు కనబడుతుంది, ముంగిసకు కనబడుతుంది, బాట మీద బండి చక్రానికి దొరుకుతుంది. కదలక పొంచి ఉండడమే తెలిసిన ప్రాణికి పరుగు పెట్టడమే మృత్యువు.

"అది అమెరికా, మన పాములు వేరు" అనవచ్చు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా ఆగుంబెలో రోములస్ విటేకర్ 2005లో స్థాపించిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడ 2008లో గిరినాగుల వెంట రేడియోతో తిరగడం ప్రారంభించారు. ఇళ్ళలో చొరబడ్డవాటిని పట్టి దూరం తరలించడం ఆ ప్రాంతంలోనూ ఉన్నది. అందుకని తన చోటనే ఉన్న ఒక గిరినాగునూ, తరలించిన మరొకదాన్నీ పోల్చి చూసి, 2013లో ఫలితాలు ప్రకటించారు. తరలించినది చాలా ఎక్కువ దూరం తిరిగింది. రెండు పాములను చూసి సిద్ధాంతం చేయరాదు, ఆ పరిశోధకులూ దాన్ని ప్రాథమిక అధ్యయనమనే అన్నారు. కాని రెండు ఖండాలలో, రెండు వేరు వేరు కుటుంబాల పాములు ఒకే విధంగా ప్రవర్తిస్తే, రుజువు చేయవలసిన భారం "ఏమీ కాదు లెండి" అనేవారి మీదనే ఉంటుంది గాని "ఆగండి" అనేవారి మీద కాదు.

మొన్న మా కాలనీలో ఒక నాగుపామును పట్టిన కుర్రవాణ్ణి ఆపి అడిగాను. మా కాలనీ పదిహేనేళ్ళ క్రితం వేరుశెనగ చేను. గట్లూ పుట్టలూ చదును చేసి ఇళ్ళు లేచాయి. "ఎక్కడ వదులుతావు నాయనా?" అన్నాను. "ఫారెస్టులో సార్, చాలా దూరం. మళ్ళీ రాదు, మీరేం భయపడకండి" అన్నాడు. "అక్కడ బ్రతుకుతుందా?" "అడవి కదా సార్, దాని ఇల్లే కదా!" అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్లు. మంచివాడు, ప్రాణాలకు తెగించి ఆ పని చేస్తున్నాడు. అతణ్ణి తప్పు పట్టడానికి మనసొప్పదు. కాని ఆ పాము ఇల్లు అడవి కాదు. అది పుట్టింది ఈ చేలల్లోనే, దాని తాతముత్తాతలు మన వడ్ల గాదెల ఎలుకలు తిని బ్రతికినవారే. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు మనిషి సాగుచేసిన నేలకు అలవాటుపడ్డ జీవులు. వాటిని అడవికి పంపడమంటే పల్లె రైతును పట్టి కొండ మీద దింపి "ప్రకృతిలో హాయిగా ఉండు" అనడం వంటిది.

పైగా ఆ అడవి ఎవరిది? అడవి అంటే జనం లేని చోటని పట్నంవాళ్ళ భావన. నల్లమలలో చెంచుల పెంటలున్నవి, మన్యంలో కొండజాతుల గూడేలున్నవి. ఆసుపత్రికి అరగంట దూరంలో ఉన్న కాలనీలో పట్టిన పామును, ఆసుపత్రికి అరపూట దూరంలో ఉన్న గూడెం పక్కన వదిలితే అది ఎటువంటి దయ? దాన్ని దిక్కు తెలియక తిరగనిస్తే అది ఎవరి కాలి క్రింద పడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారెవరూ నాకింతవరకు కనబడలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావున్నది, అది బలమైనది కూడా. "మాస్టారూ, మీరు పాము సుఖం చూస్తున్నారు, కాటు పడిన మనిషి సంగతేమిటి?" అని. నిజమే. ఈ దేశంలో 2000 నుండి 2019 వరకు సుమారు పన్నెండు లక్షలమంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. ఏడాదికి సగటున 58,000 మంది! అందులో ఎక్కువ మరణాలు సంభవించే ఎనిమిది రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవారిలో అత్యధికులు పల్లెవాసులు. దాదాపు సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు దాకా, అంటే నాట్లూ కలుపుతీతా సాగే రోజులలోనే. ఆసుపత్రి గడప తొక్కక ముందే పోయేవారు అధికం గనుక ప్రభుత్వ లెక్కలలో ఇంత కనబడదు. నేను పనిచేసిన బడులలో నాన్న లేని పిల్లలుండేవారు, కారణం అడిగితే "పాము" అని ఒక్క మాట చెప్పి ఊరుకొనేవారు. కనుక మనిషి ప్రాణం ముందు, పాము ప్రాణం తరువాత అనడంలో నాకు వివాదమే లేదు.

అయితే ఈ మరణాలను తగ్గించేది పాములను తరలించడమా, పాముల నడవడి తెలిసి మసలుకోవడమా? నన్నడిగితే రెండవదే. కట్లపామునే తీసుకొందాం. పగలు కదలదు, కదిపినా తల దాచుకొంటుంది. రాత్రి ఎలుకల వెంట, చిన్న పాముల వెంట ఇళ్ళలోకి వస్తుంది. నేలమీద పడుకొన్నవారిని నిద్రలోనే కరుస్తుంది. కాటు నొప్పి తెలియదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలతాయి, ఊపిరి అందదు. అది పాముకాటని తెలుసుకొనేలోపే అంతా అయిపోతుంది. దీనికి విరుగుడు ఏమిటి? ఒక మంచం, పరుపు క్రిందికి చెక్కిన దోమతెర. నేపాల్ పల్లెలలో చేసిన అధ్యయనంలో దోమతెరలో పడుకొన్నవారికి పాముకాటు బెడద బాగా తక్కువని తేలింది. రక్తపింజర నడవడి దీనికి పూర్తిగా వేరు. అది పారిపోదు; పొంచి ఉండి ఎర కోసం గంటలు గంటలు కదలకుండా పడి ఉంటుంది, తొక్కబోతే కుక్కరు ఈలవంటి బుస కొడుతుంది. వరి కోసే చేతికీ, గట్టు మీద నడిచే కాలికీ అదే ముప్పు. దానికి మోకాలి దాకా జోళ్ళు, చేతిలో దీపం, పైరులో చేయి పెట్టేముందు కర్రతో ఒక తట్టు చాలు. ఒక పాము సంగతి మరొకదానికి పనికిరాదు. అందుకే నడవడి తెలియాలంటున్నాను.

2018 ఆగస్టులో దివిసీమలో జరిగినది మీలో చాలామందికి గుర్తుండవచ్చు. వరుసగా పాముకాట్లు, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు ఒకరి వెనుక ఒకరు రావడం, జనం బెంబేలెత్తిపోవడం, చివరకు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం. యాగాన్ని ఎగతాళి చేయను. భయపడిన జనానికి ధైర్యం కావాలి, పుట్టలోని దేవుణ్ణి కొలిచే సీమ అది. కాని ఆ ఆగస్టులో పాములకు కోపం వచ్చిందన్నమాట మాత్రం నేనొప్పుకోను. పొలాలలోకి నీరు చేరింది, కలుగులు నిండాయి. నీళ్ళు నిండిన కలుగులో పామూ ఉండదు, ఎలుకా ఉండదు. రెండూ గట్ల మీదికి, పాకల మీదికి, ఇళ్ళ అరుగుల మీదికి వస్తాయి. నాట్లువేసే కూలీలూ అదే గట్టు మీద నడుస్తారు. వాన తీరు మారుతున్న ఈ రోజులలో, నెలంతా కురవవలసినది రెండు రోజులలో కురుస్తున్నప్పుడు, ఇటువంటి ఆగస్టులు మళ్ళీ మళ్ళీ రాకమానవు. ఎండలు ముదిరినా అంతే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రోజు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే పాముకాట్లు నూటికి ఆరు చొప్పున పెరిగాయని 2023లో ఒక పరిశోధన తేల్చింది. మన దగ్గర అంత లెక్క కట్టేందుకు ముందు కాట్ల లెక్కలు ఉండాలి. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని. అదే ఏడు నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చమని రాష్ట్రాలకు వ్రాసింది. కాగితం మీద బాగున్నది. మండల ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు విరుగుడు మందు ఉన్నదా లేదా, అది ఇవ్వడానికి ధైర్యమున్న వైద్యుడున్నాడా లేడా అన్నదే నాకు కావలసిన సంగతి.

ఆ మందు ఎక్కడిదో కూడా తెలుసుకోదగినది. తమిళనాడులో ఇరుళులని పాములు పట్టే గిరిజనులున్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టంతో తోళ్ళ వ్యాపారం ఆగి వారి పొట్ట కొట్టినట్లయింది. 1978లో వారి సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, కొన్ని వారాలుంచి, విషం తీసి, మళ్ళీ వదిలిపెడతారు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషం నుండే మన దేశపు విరుగుడు తయారవుతుంది. తరతరాలుగా పాము నడవడి చదివినవారు వారే. 2023లో ఆ జాతికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పట్టాలు లేని పండితులు వారు.

మరి నేను చెప్పేదేమిటి? ఇంట్లోకి పాము వస్తే పట్టించవలసినదే. పసిపిల్లలున్న ఇంట్లో వేదాంతం పనికిరాదు. పట్టిన పామును మాత్రం దాని చేను దాటించకండి. కొన్ని వందల అడుగుల అవతల, అదే గట్టున, కలుగూ నీడా ఉన్న చోట, పొద్దు గూకాక వదిలితే దానికి తన ఊరు తనకుంటుంది. "మళ్ళీ వస్తే?" అంటారు. రావచ్చు, ఈ చిక్కు నేను దాచను. కాని అది మీ కోసం రాలేదు. మీ పెరట్లోని ఎలుకల కోసం, కుళాయి క్రింది కప్పల కోసం వచ్చింది. అవి ఉన్నంతకాలం, దీన్ని నలభై మైళ్ళు పంపినా ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది. తలుపు క్రింది సందు పూడ్చుకోవడం, కట్టెల మోపును గోడకు దూరంగా పెట్టుకోవడం, ఎలుక కలుగు మూసుకోవడం పాము పట్టేవాడి పని కాదు, మన పని. ఇక పెరట్లో కాక వీధి అవతల ఖాళీ స్థలంలో కనబడిన జెర్రిపోతుకు ఫోను చేయడం అనవసరమైన హడావుడి. దాని దారిన దాన్ని పోనిస్తే పోతుంది.

పట్టేవారికీ, అటవీశాఖవారికీ ఒక్క మనవి. ఏడాదికి ఇన్ని పాములను కాపాడామని ప్రకటించే సంఖ్యలు పత్రికలలో చూస్తున్నాను. అవి పట్టిన సంఖ్యలు. ఆరు నెలల తరువాత బ్రతికి ఉన్నవెన్నో చెప్పే సంఖ్య కావాలి. నూటికి ఐదింటికైనా ప్రసారిణి అమర్చి వెంట తిరిగేందుకు మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర శాఖలలో కుర్రవాళ్ళు లేరా? తూర్పు కనుమలలో గిరినాగు మిగిలి ఉన్నది. దాని కోసం ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ గ్రామస్థులతో కలిసి పనిచేస్తున్నది. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లను కాచుకొనే పాము లోకంలో అదొక్కటే. పోడు, జీడితోటలు, రోడ్లు పడి అడవి ముక్కలైనకొద్దీ అది ఊళ్ళోకి వస్తుంది. గిరినాగు నాలుగు జాతులని తేలిన తరువాత, ఎక్కడి పామును ఎక్కడ వదులుతున్నామన్న ప్రశ్న మరింత పదునెక్కింది.

ఈ టపా చదివేవారిలో కృష్ణా, శ్రీకాకుళం, పాలమూరు, అనంతపురం వైపువారూ, పల్లె వదిలి ఎక్కడో అమెరికాలో ఉన్నవారూ ఉన్నారని ఎరుగుదును. మీ వైపు కట్లపామును ఏమంటారు? రక్తపింజరను, చిన్న పింజరను ఏమంటారు? ఒక జిల్లాలో పింజర అంటే ఒక పాము, మరొక జిల్లాలో మరొకటి. కాటు పడినవాడి బంధువులు చెప్పిన పేరు వైద్యుడికి అర్థం కాకపోవడం నేను చూశాను. మీ అమ్మమ్మలనూ, పాలేరు తాతలనూ అడిగి, ఊరి పేరుతో సహా వ్యాఖ్యలలో వ్రాయండి. ఒక జాబితాగా కూర్చి మా మండల ఆసుపత్రి డాక్టరుగారికి ఇద్దామని ఉన్నది. "కాటుక రేకుల పొడ" ఎవరింట్లోనైనా ఇంకా వినబడుతుంటే ఆ సంగతి ముందు చెప్పండి.